చాళుక్యవిక్రమవర్షము – బిల్హణుని మౌనము

బిల్హణుని విక్రమాంకదేవచరితము పదునెనిమిది సర్గముల కావ్యము. కళ్యాణపురము నేలిన త్రిభువనమల్ల విక్రమాదిత్యుని జననము మొదలుకొని రాజ్యలాభము, స్వయంవరము, తమ్ముని తిరుగుబాటు, చోళులతోడి యుద్ధము వఱకును వరుసగాఁ జెప్పి, తుదిసర్గమునఁ గవి తన కాశ్మీరదేశమును, ఖోనముఖగ్రామమును, తన వంశమును వర్ణించుకొనెను. ఇంతకథలో నొక్క సంవత్సరసంఖ్యయుఁ గానరాదు. బూలరు పండితుఁడు 1874లో జెసల్మేరు జైనభాండారమున దీని తాళపత్రప్రతిని గనుఁగొని మఱుసటియేఁడు బొంబాయిలోఁ బ్రకటించిన నాఁటినుండియు నీ లోపమును బలువురు గుర్తించిరి. కావ్యమునఁ దిథివారములు వెదకుట యన్యాయమని సమాధానము చెప్పువారును గలరు. ఆ సమాధానము మఱియొక రాజుపట్లఁ జెల్లును. ఈ రాజు కాలమునకే తన పేరు పెట్టినవాఁడు. అట్టివాని చరితమునఁ గాలము ప్రసక్తియే లేకుండుట విచారణీయము.

శకవర్షము 998 గడచిన పిమ్మట, నలసంవత్సర చైత్రశుద్ధపాడ్యమినుండి, అనఁగాఁ గ్రీ. శ. 1076 నుండి, చాళుక్యవిక్రమవర్షమను కొత్తలెక్క యారంభమయ్యెను. అంతకుముందు కళ్యాణచాళుక్యుల శాసనములు సాధారణముగా శకవర్షముతోఁ గాలమును జెప్పెడివి. పూర్వపు విక్రమాదిత్యునకును నందునకును గల కీర్తి యింక నడ్డమేల యని పలికి, శకుని పేరిటి లెక్కను మాన్పి, చాళుక్యుల పేరిటి లెక్కను రాజు నెలకొల్పెనని యొక కన్నడశాసనము ప్రశంసించుచున్నది. వేఱొక శాసనము మఱింత తెగించి, ప్రకాశించుచున్న శకవర్షమును దుడిచివేసెననియే చెప్పినది. అందలి క్రియాపదము గమనింపఁదగినది. పలకమీఁది వ్రాఁత తుడుచునట్లు కాలమును దుడిచెననుట సామాన్యమైన పొగడ్త గాదు. ఆ రాజ్యమున దానములు పొందిన బ్రాహ్మణుఁడును, సంతనడపిన సెట్టియును, గుడికి దీప మిచ్చిన గౌడును దమ తమ రాతిపలకలపై నీ లెక్కనే చెక్కించుకొనిరి.

పేరులోని సమాసము సయితము పరిశీలింపఁదగినది. విక్రమవర్షమని మాత్రమే యన్నచో మాళవదేశపుఁ బ్రాఁత విక్రమశకముతో సంకరము గలుగును. కావున చాళుక్యవిశేషణముతో నున్న విక్రముని వర్షమని షష్ఠీతత్పురుషముగాఁ జెప్పవలసివచ్చెను. తుడుచుటకై పూనుకొన్న పాతపేరును బూర్తిగాఁ దుడువలేక, దానినుండి వేఱుపఱచుకొనుటకు వంశనామమును దోడు తెచ్చుకొనవలసినగతి పట్టినది.

ఈ లెక్కను గ్రీస్తుశకమునకు మార్చునపుడు జరుగు నొక పొరపాటును ముందుగాఁ జెప్పుట యవసరము. తెలంగాణపు దేవాలయములయు, జైనబసదులయు, రాజవంశములయుఁ గాలనిర్ణయములు పెక్కు దీనిపై నాధారపడి యున్నవి. శకవర్షము సాధారణముగా గతసంఖ్యతోఁ జెప్పఁబడును. విక్రమవర్షము వర్తమానసంఖ్యతోఁ జెప్పఁబడును. 1076లో మొదటివర్షము గావున, కూడవలసినసంఖ్య 1075 గాని 1076 గాదు. పుష్యమాఘఫాల్గునములు క్రీస్తుసంవత్సరము మాఱిన పిమ్మటఁ బడినచో మాత్రమే 1076 కూడవలెను. హనుమకొండ పద్మాక్షిగుట్టమీఁది శాసనము దీనికిఁ జక్కని యుదాహరణము. కాకతి రెండవప్రోలరాజు మంత్రియైన బేతన భార్య మైలమ యచ్చటఁ గడలాలయబసదిని గట్టించి దానము చేసెను. కాలము చాళుక్యవిక్రమవర్షము 42, హేమలంబి సంవత్సరము, పుష్యబహుళ అమావాస్య, సోమవారము, ఉత్తరాయణసంక్రాంతి. 42కు 1075 కూడఁగా 1117 వచ్చును. 1117లో మొదలైన సంవత్సరము హేమలంబియే. ఆ యేఁటి డిసెంబరు 24 సోమవారము. అమావాస్యయు సంక్రాంతియు నా దినముననే కలిసివచ్చును. ఒకటి హెచ్చుగాఁ గూడి 1118 అన్నచో సంవత్సరము విళంబి యగును, వారము తప్పును, సంక్రాంతి యమావాస్యనాఁడు పడదు. అయిదుసాక్షు లేకవాక్యముగాఁ జెప్పుచుండ నొక్క కూడికలోఁ దప్పి శాసనమే తప్పని వ్రాయుట పండితులకుఁ దగదు. సంక్రాంతి డిసెంబరులో నేల వచ్చెనని శంకించు విద్యార్థులకు, నాఁటి క్రీస్తుపంచాంగము పాతపద్ధతిదనియు, అయనచలనముచేత సంక్రాంతియు నాఁటికి నేఁటికి జరిగినదనియుఁ జెప్పినఁ జాలును.

ఇఁకఁ గావ్యము. తండ్రియైన ఆహవమల్ల సోమేశ్వరుఁడు సంతానార్థము తపస్సు చేయఁగా, ముగ్గురు కుమారులు గలుగుదురనియు, నందు నడిమివాఁడు శివప్రసాదమున లోకైకవీరుఁ డగుననియు నాకాశవాణి పలికెను. పెరిగిన కుమారునకుఁ దండ్రి యువరాజపట్టము గట్టఁబోఁగా, అన్న యుండఁగాఁ దన కది తగదని విక్రముఁడు నిరాకరించెను. 1068లో ఆహవమల్లుఁడు తుంగభద్రలో జలసమాధి పొందెను. అన్న రెండవ సోమేశ్వరుఁడు గర్వలోభములకు వశుఁడయ్యెను. విక్రముఁడు కళ్యాణము విడిచిపోయి, చోళరాజు కూఁతుఁ బెండ్లాడి, మామ మరణానంతరము బావమఱఁదిని గద్దెనెక్కించి తిరిగివచ్చెను. అంతలో బావమఱఁది చచ్చెను. వేంగీశ్వరుఁడైన రాజిగుఁడు చోళసింహాసన మాక్రమించి, విక్రముని యన్నతోఁ జెలిమి గట్టెను. విక్రముఁడు యుద్ధము వలదని చింతింపఁగా శివుఁడు కలలోఁ గనిపించి యాజ్ఞాపించెను. గెలిచి, యన్నను బట్టి, యతనికే రాజ్యము తిరిగి యీఁదలఁపఁగా శివుఁడు మరల నాగ్రహించి నీవే యేలుమనెను. కాఁబట్టి యేలెను.

ఈ కథానిర్వాహమున బిల్హణుని నేర్పు సామాన్యమైనది గాదు. నాయకుఁడు ప్రతిపదమునను వెనుకంజవేయును. దేవుఁ డతనిని ముందునకుఁ ద్రోయును. అన్నపైఁ జెప్పిన దోషములు చూడుఁడు: అన్నియు దుష్టరాజలక్షణములుగా నీతిశాస్త్రమునఁ బరిగణింపఁబడినవే. ఈ గ్రామమును దోఁచెను, ఈ మంత్రిని జంపెనని పేరుపెట్టి చెప్పఁదగిన దుష్కృత్య మొక్కటియు లేదు. వైదర్భీరీతిలో నింత ప్రసన్నముగాఁ బద్యమునడపు కవికి విశేషము చెప్పుట చేతఁగాక గాదు. చెప్పుటకు విశేషము లేక యని యూహింపవలసియున్నది.

ఇట్టి నాయకునిప్రక్కను విక్రమవర్షశాసనము నుంచి చూచినచో నైక్యము గుదురదు. కావ్యములోని రాజు రాజ్యమును గోరనివాఁడు. శాసనములోని రాజు పూర్వరాజుల కీర్తి తనకడ్డమని సహింపనివాఁడు. మొదటివాఁడు దేవునియాజ్ఞకుఁ దలయొగ్గి గద్దె నెక్కినవాఁడు. రెండవవాఁడు గద్దెనెక్కిన యేఁటినే జగత్తునకు మొదటియేఁడుగాఁ బ్రకటించినవాఁడు. ఈ రెండును నొక్కకావ్యమున నిముడవు. శకవర్షమును దుడిచిన ఘనతను బిల్హణుఁడు వర్ణించినచో, నాఱవసర్గమునఁ గలలోఁ గనిపించిన శివుఁ డనవసరమగును. కవి మౌనమునకు హేతు విదియే యనుట సమంజసము.

దీనికొక యాక్షేపము గలదు. బాణుఁడు హర్షచరితమున హర్షశకమును బేర్కొనలేదు. కావున రాజశకములఁ జెప్పకుండుట కవిసంప్రదాయమే యనవచ్చును. కాని యాక్షేపము బలహీనము. బాణునిగ్రంథము హర్షుని రాజ్యము కుదురుకొనకముందే నిలిచిపోయినది. శకమును జెప్పుట కందుఁ దావులేదు. బిల్హణుఁడో పట్టాభిషేకమును దాటి, సంతానమును దాటి, పదునేడవసర్గమున రాజు చేసిన ప్రతిష్ఠలను దీఱికగా నెన్నెను. కమలావిలాసి విష్ణునకుఁ గట్టిన గుడియు, దానియెదుటి తటాకమును, రాజు పేరిట వెలసిన విక్రమపురమును నందుఁ గలవు. రాజు పేరు పెట్టిన ప్రదేశము చెప్పఁబడినది, రాజు పేరు పెట్టిన కాలము విడువఁబడినది. అది మఱపు గాదనుట కింతకంటె సాక్ష్యము వలదు. ఊరు కట్టుట సర్వరాజసాధారణమైన ధర్మకార్యము; దానివలన నాయకుని వినయమునకు భంగము లేదు.

ఆ యాస్థానముననే మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుఁడు గ్రంథాంతమునఁ గళ్యాణమువంటి పురము, విక్రమార్కునివంటి రాజు, తనవంటి పండితుఁడు లేరని వ్రాసికొనెను. రాజుప్రక్కనే పండితుఁడు తనకొక పీట వేసికొన్న యీ ధైర్యము మెచ్చఁదగినదే. విక్రమార్కనామము వాడుటలోనే పాతవిక్రమునితోడి స్పర్ధ తోఁచును గాని, శకప్రసక్తి యతఁడును జేయలేదు.

తెలుఁగువారికి బిల్హణునితో వేఱొక వ్యవహారము గలదు. రాజిగుఁడని యతఁ డీసడించినవాఁడు రాజరాజనరేంద్రుని కొడుకు. నన్నయభట్టు నాదరించిన రాజునకును రాజేంద్రచోళుని కూఁతురు అమ్మంగదేవికినిఁ బుట్టిన రాజేంద్రుఁడు. 1070లోఁ జోళసింహాసన మెక్కి కులోత్తుంగుఁడని ప్రసిద్ధి గాంచినవాఁడు. రాజిగశబ్దము సంస్కృతవ్యాకరణమున సాధింపరానిది. చాళుక్యవంశమున సత్యాశ్రయునకు సత్తిగఁడని వ్యవహారము గలదు. రాజేంద్రునకు రాజిగుఁ డట్టిదే. ఇంటివానియెడ ముద్దుపేరైనది పగవానియెడఁ జులకన పేరగును. తెలుఁగుచెవికి రాజిగాఁడన్నట్లే వినఁబడును. కాశ్మీరమునుండి వచ్చిన కవి యీ దేశిరూపమును దిద్దక, సంస్కృతశ్లోకమున నట్లే నిలిపి విభక్తి చేర్చెను. కళ్యాణపుర సభలో నా పేరు పలికినపుడు పుట్టిన నవ్వు శ్లోకమునందు నిలువవలెనని కవి తలఁచినట్లున్నది. జయంగొండాను కళింగత్తుప్పరణి చదివినవారికి కథ తలక్రిందగును: వీరరాజేంద్రుని పిమ్మట నరాజకమైన చోళదేశమును వచ్చి యుద్ధరించిన మహాపురుషుఁ డందుఁ గులోత్తుంగుఁడు. ఒక్కసంఘటన రెండుసభలలో రెండుధర్మములైనది. బిల్హణుని మాత్రము చదివి కులోత్తుంగుని దూషించుటయుఁ, బరణిని మాత్రము చదివి విక్రముని దూషించుటయు సమానమైన యవివేకములు. 1118లోఁ గులోత్తుంగుని కుమారుఁడు విక్రమచోళుఁడు వేంగిని విడిచి దక్షిణమునకుఁ బోయిన పిమ్మట, చాళుక్యదండనాయకుఁ డనంతపాలుఁ డచ్చటఁ బ్రవేశించెను. ద్రాక్షారామశాసనములలోఁ జాళుక్యవిక్రమవర్షము గనిపింపఁజొచ్చెను. రాజిగుఁ డేలిన నేలమీఁదనే యతని పగవాని లెక్క చెక్కఁబడినది.

ప్రథమసర్గములోని వంశోత్పత్తికథయు నొకింత విచారింపఁదగినది. బ్రహ్మ సంధ్యవార్చుచుండఁగా నతని చులుకమునుండి, అనఁగాఁ బుడిసిలినుండి, వంశమూలపురుషుఁ డుద్భవించెనఁట. చులుకశబ్దముపై గర్గాదులకుఁ జెప్పిన యఞ్ ప్రత్యయము చేర్చినచో నాదివృద్ధిచేత నుకారమున కౌకారము వచ్చి చౌలుక్యరూపము సిద్ధించును. ఘూర్జరదేశపు రాజుల పేరునకు నా రూపము సరిపోవును. కళ్యాణరాజుల శాసనములలోని చాళుక్యరూపము చులుకమునుండి యే సూత్రముచేతను రాదు. దానికి మొదట నకారము గల ప్రకృతి కావలెను. బాదామికాలపు శాసనములలోఁ గనిపించు చల్క్య, చలిక్యాది రూపములు నా యకారమునే చూపుచున్నవి. పేరు ముందుపుట్టి, పుడిసిలికథ తరువాతఁ బుట్టినదనుటకు వ్యాకరణమే ప్రమాణము.

రాజశకములను గూర్చి తలపోయువారికి జపానుదేశపు పద్ధతి పోల్చిచూడఁదగినది. అచ్చట 645లోఁ దైకా యను పేరుతో మొదలై, 701 నుండి యెడతెగక, వర్షపరంపరకు నామము పెట్టు నాచారము నేఁటికిని సాగుచున్నది. విక్రమాదిత్యుఁడు తనశకమును మొదలిడిన 1076లో నచ్చట షిరకవ చక్రవర్తి. అతఁడు సింహాసనము విడిచియు 1129లో మరణించువఱకు వెనుకనుండి రాజ్యము నడపెను. కళ్యాణమున నొక్క పేరు నిలిచిన 1076–1126 నడిమి యేఁబదియేండ్లలో నచ్చటఁ బదునేడుమాఱులు పేరు మాఱినది. రాజు మాఱుటయే కారణము గాదు. 1096లో గొప్ప భూకంపము రాఁగా ఐచో యని మార్చిరి. 1099లో భూకంపమును దెవులును గారణముగాఁ గోవ యని మార్చిరి. మఱియు నఱువదియేండ్ల చక్రమున నేఁబదియెనిమిదవ యేఁడు విప్లవకారకమని 901లో మియోషి కియొయుకి యను పండితుఁడు విన్నవింప, ఆ యేఁడును, చక్రారంభపు మొదటియేఁడును బేరు మార్చుట యాచారమయ్యెను. 1081లో ఐహో, 1084లో ఓతొకు అట్లు వచ్చినవి. ప్రభవాదిషష్టి గల యాంధ్రులకు నీ చక్రము క్రొత్త గాదు. ఇచ్చటఁ జక్రము 1087లోఁ బ్రభవతో మొదలైనది, అచ్చట మూఁడేండ్లు ముందు. కాని షష్టిచక్రమును జూచి భయపడి కాలమునకుఁ గ్రొత్తపేరు పెట్టుకొనవలెనన్న తలంపు తెలుఁగుదేశపు జ్యోతిష్కులకుఁ బుట్టలేదు.

ఆ పేరుల నెన్నుకొనువిధము పండితుల కీర్ష్య పుట్టించునది. పూర్వము సభాపండితులు చీనాప్రాచీనగ్రంథములనుండి రెండేసి యక్షరముల పేళ్లను మూలవాక్యముతోఁ బ్రతిపాదించెడివారు. సామంతులు కూర్చుండి, ఈ యక్షరము పూర్వ మశుభకాలమున వాడఁబడినది, ఈ యక్షరమున కీ యపార్థము గలదు అని ఖండనమండనములు చేసెడివారు. శబ్దవిచారమే రాజకార్యమగుట యంతకంటె నెక్కడఁ గలదు? 2019లో వచ్చిన రెయివ నామము మాత్రము చీనాగ్రంథమునుండి గాక మన్యోషూ యను స్వదేశపద్యసంకలనమునుండి తీయఁబడినది. అచ్చటి పేళ్లు కోరికలు. కళ్యాణపుర శకము రాజునామము. అయినను నొక్కవిషయమునఁ బోలిక గుదురును. 1180లోఁ దైరావారిపైఁ గత్తిగట్టిన యొరితొమొ, సభవారు పేరు మార్చినను బాత జిషో లెక్కనే 1183 వఱకు వ్రాసెను. 1336 పిమ్మట నుత్తరదక్షిణసభలు రెండేర్పడఁగా రెండుపేళ్లు నడచి, 1392లో నొక్కటియైనవి. ఎవని వర్షమును వ్రాయుదురో వాని ప్రజ లగుదురు.

కళ్యాణరాజుల శకము పరదేశపు ముచ్చటయని హైదరాబాదువారు తలంపఁబనిలేదు. 1998లో సైబరుటవర్సు తెఱవఁబడిన హైటెక్కుసిటీనుండి వాయవ్యముగాఁ గొన్నిక్రోసులు పోయినఁ బటాన్‌చెరువు వచ్చును. అదియే జగదేకమల్ల జయసింహుని నివాసములలో నొకటియైన పొట్టలకెఱె. కన్నడమునఁ గెఱె, తెలుఁగునఁ జెఱువు. ఎకారము పరమగునపుడు కన్నడకకారమునకుఁ దెలుఁగునఁ జకారము వచ్చుట కిది యుదాహరణము. పొట్టలకెఱె పొట్లచెఱువై, పటాన్‌చెరువై, రాజుల యడుగుజాడ చెఱిపికొని పేరులోని నీటిని మాత్రము నిలుపుకొన్నది. ఆ త్రోవలోని గాజుమేడలలోఁ బనిచేయు గణకయంత్రములు కాలమును 1970 జనవరి 1 అర్ధరాత్రమునుండి క్షణములుగా నెన్నుచున్నవి. ఏ రాజును బొగడని శకమది. అట్లని లెక్క నెవరును నెలకొల్పలేదని గాదు. 2000 సంవత్సరము రాఁబోవుచుండఁగా, సంవత్సరమును రెండంకెలతో వ్రాసిన పాతలెక్కలలో నూఱేండ్ల సందేహము పుట్టి, దానిని దిద్దుట హైదరాబాదు తంత్రజ్ఞులకుఁ జాలకాలము పని చూపినది. హేమలంబి యని మాత్రమే చెక్కి యూరకున్న శాసనములతోఁ బెనఁగువారికి నఱువదియేండ్ల సందేహ మెట్టిదో తెలియును గావున, ఆ తంత్రజ్ఞులపై సానుభూతి గలుగకపోదు.

విక్రమాదిత్యుని కొడుకు మూఁడవ సోమేశ్వరుఁడు 1126లో రాజ్యమునకు వచ్చెను. ఇతఁడు మానసోల్లాసకర్త, తండ్రి చరితమును విక్రమాంకాభ్యుదయమను పేర నారంభించి ముగింపక విడిచెను. తండ్రిని బొగడఁబూనిన యీ కుమారుఁడే తండ్రి వర్షమును బ్రక్కకుఁ బెట్టి భూలోకమల్లవర్షమని తన పేరిట వేఱొక లెక్క మొదలిడెను. జగదేకమల్లుఁడు మఱల దనది. విక్రమవర్ష మక్కడక్కడ వాడుకలో నున్నను దాని యేకచ్ఛత్రత్వ మేఁబదియేండ్లతో ముగిసినది. పరుల శకమును దుడుచుట నేర్పినవాని శకమును దనవారే తుడుచుట యుచితమే.

హనుమకొండలో నీ మార్పు రాళ్లమీఁదఁ జదువవచ్చును. అనుమకొండవిషయమును విక్రమాదిత్యునివలనఁ బొందిన రెండవబేతరాజు ప్రభువు బిరుదమైన త్రిభువనమల్లనామమును దాల్చెను. అతని కొడుకు ప్రోలరాజు కాలమునఁ బద్మాక్షిశాసనము విక్రమవర్షమును జెప్పినది. ప్రోలుని కొడుకు రుద్రదేవుఁడు స్వతంత్రుఁడై వేయిస్తంభముల గుడిని గట్టించి, యచింతేంద్రునిచేత సంస్కృతశాసనము రచింపించెను. అందలి కాలము చిత్రభానుసంవత్సరము, మాఘశుద్ధత్రయోదశి, శనివారము; క్రీ. శ. 1163 జనవరి 19. వర్షసంఖ్య 1084, శకునిది.